హెడ్‌లైట్ విప్పాలా, విప్పకుండానే బాగుచేయాలా?

రాత్రి దారి సరిగా కనిపించడం లేదని బల్బు మార్చారు. వెలుగు పెరగలేదు. పొద్దున్నే చూస్తే హెడ్‌లైట్ పైఅద్దం కంటిలో పువ్వు వేసినట్టు తెల్లగా, అంచుల్లో పచ్చగా ఉంది. పైన తుడిచారు, పోలేదు. మురికి లోపలే ఉందని తేల్చేసుకుని, ఓవెన్‌లో పెట్టి విప్పడం ఎలాగో వెతకడం మొదలుపెట్టారు.

ఇలా మొదలుపెట్టిన వారిలో ఎక్కువ మందికి హెడ్‌లైట్ విప్పే అవసరమే ఉండదని నా అభిప్రాయం. విప్పక తప్పని వారూ ఉన్నారు, కానీ ఆ గుంపులో ఉన్నారో లేదో స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే తెలుసుకోవచ్చు. ఒక్కసారి అతుకు ఊడదీస్తే, కర్మాగారంలో వేసిన సీలు మళ్లీ రాదు. మీరు వేసే సీలు దానికి సమానంగా ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, మసక ఏ వైపున ఉంది? దీనికి చెంబుడు నీళ్లు చాలు. పైఅద్దాన్ని బాగా తడపండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం బయటిదే. ఇప్పటి హెడ్‌లైట్ల పైఅద్దం నిజానికి గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దాన్ని ఎండ నుంచి కాపాడటానికి పైన గట్టి పూత ఉంటుంది. అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి ఆ పూత చివికి, సన్నని గరుకు గుంతలు పడతాయి. నీరు ఆ గుంతలను పూడ్చినంతసేపు వెలుగు చెదరదు. తడిపినా మసక కదలకపోతే లోపలి వైపు అనుమానించండి. రెండు వైపులా ఉన్న కార్లూ ఉంటాయి. అప్పుడు బయటి పని ముందు ముగించి, ఆ తర్వాత మిగిలిన దాన్ని చూడాలి.

రెండోది, లోపల ఉన్నది ఏ రకం మురికి? వెనక మూత తీసి, బల్బు బయటికి లాగి, ఆ రంధ్రంలోంచి టార్చి వేయండి. దుమ్ము, చచ్చిన పురుగులు, నీరు ఆరిన చారలు, వేడికి ప్లాస్టిక్కు, బంక నుంచి వెలువడే ఆవిరి పేరుకున్న జిడ్డు పొర, ఇవన్నీ పోయే రకాలే. బల్బు వెనక ఉండి వెలుగును ముందుకు తిప్పికొట్టే రిఫ్లెక్టర్ బూడిద రంగులోకి మారి, బుడగలు కట్టి, పొరలు లేస్తుంటే మాత్రం అది మురికి కాదు, వెండిలా మెరిసే పూత కాలిపోవడం. ఎంత తుడిచినా ఆ మెరుపు తిరిగి రాదు. వెండి రంగు స్ప్రే కొట్టి సరిపెట్టే ప్రయత్నాలు చేస్తుంటారు. ఆ పెయింటు వెలుగును అద్దంలా తిప్పికొట్టదు, చెదరగొడుతుంది. అలాంటి యూనిట్‌ను, అంటే మొత్తం హెడ్‌లైట్‌ను, మార్చడమే దారి.

మూడోది, అతుకులో ఏ బంక ఉంది? మొత్తం వ్యవహారాన్ని నిర్ణయించేది ఇదే. పైఅద్దం వెనక పెట్టె గాడిలో కూర్చునే చోట బంక అంచు ఎక్కడైనా కనిపిస్తుంది. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మెత్తగా, జిగటగా, నొక్కు నిలిచిపోయేలా ఉంటే బ్యుటైల్ రబ్బరు. వేడి చేస్తే అది మెత్తబడుతుంది. గట్టి రబ్బరులా ఉండి, నొక్కితే మళ్లీ యథాస్థితికి వస్తుంటే పాలీయురెథేన్ లేదా సిలికోన్ రకం. అది వేడికి లొంగదు. బంకే కనిపించక రెండు ప్లాస్టిక్కులు కరిగి ఒకటైనట్టుంటే, దాన్ని వెల్డింగ్ చేశారని అర్థం. వెనక లైట్లు ఎక్కువగా ఈ రకమే.

నాలుగోది, లోపలి దీపం. సాధారణ హాలోజెన్ బల్బు ఉన్న యూనిట్ అన్నిటికంటే సులువు. జీనాన్ దీపాలు వెలిగేటప్పుడు ఇరవై వేల వోల్టుల స్థాయిలో విద్యుత్తు పుడుతుంది. బ్యాటరీ తీగ తీయకుండా వాటి జోలికి వెళ్లకండి. ఎల్‌ఈడీ యూనిట్లలో సర్క్యూట్ బోర్డులు, ఫ్యాన్లు, మోటార్లు లోపలే బిగించి ఉంటాయి. వాటిని ఓవెన్‌లో పెట్టడమంటే ఫోనును ఓవెన్‌లో పెట్టినట్టే.

ఐదోది ఎవరూ ముందు లెక్కేసుకోరు. యూనిట్‌ను కారు నుంచి తీయడం. చాలా కార్లలో ముందు బంపర్ ఊడదీస్తే తప్ప హెడ్‌లైట్ బయటికి రాదు. అసలు పని కంటే ఇదే ఎక్కువ సమయం తినవచ్చు.

దారులు ఒక చూపులో

| దారి | ఏ లోపానికి పనికొస్తుంది | పట్టే సమయం | తప్పు జరిగితే |
|---|---|---|---|
| బయటి నుంచి అరగదీసి పాలిష్, పైపూత | బయటి పచ్చదనం, గరుకు | సగం పూట | మళ్లీ అరగదీయవచ్చు |
| బల్బు రంధ్రంలోంచి శుభ్రం | దుమ్ము, పలుచని చారలు, చెమ్మ | ఒక పూట, ఆరడానికి ఒక రోజు | రిఫ్లెక్టర్ గీసుకుపోవచ్చు |
| వేడి చేసి విప్పడం | లోపలి జిడ్డు పొర, పాడైన సీలు | రెండు రోజులు | పెట్టె వంకరపోవచ్చు, నీరు చేరవచ్చు |
| అతుకు కోసి విప్పడం | వేడికి లొంగని బంక ఉన్నవి | మూడు రోజులైనా కావచ్చు | యూనిట్ చేజారినట్టే |
| యూనిట్ మార్చడం | కాలిన రిఫ్లెక్టర్, పగుళ్లు | ఒక పూట | డబ్బు ఖర్చు తప్ప పెద్దగా లేదు |

బయటి నుంచి బాగుచేయడం

తడి పరీక్షలో లోపం బయటిదని తేలితే మిగతా దారులు చదవకపోయినా ఫరవాలేదు. చుట్టూ ఉన్న పెయింటు మీద టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800 లేదా 1000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 2000, 3000 దాకా వెళ్లి, చివర పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్దాలి. మొదట్లో అద్దం ఇంకా తెల్లబడి భయపెడుతుంది. పాత పూత మొత్తం పోయేదాకా ఆపకూడదు. సగం మిగిలితే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఈ పనిలో అసలు కిటుకు చివరి అంకంలో ఉంది. పాత పూత తీసేశారు కాబట్టి ప్లాస్టిక్ ఇప్పుడు ఎండకు బట్టబయలు. అతినీలలోహిత కిరణాలను ఆపే కొత్త పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే పచ్చదనం మళ్లీ మొదలవుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా మోసం అక్కడే. అది కూడా సన్నగా అరగదీసేదే, మెరుపు తెస్తుంది, కాపలా పెట్టదు. దోమల మందు రుద్దే చిట్కా అంతకంటే చెడ్డది. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి నునుపు చేస్తుంది. రెండు రోజులు మెరిసి, తర్వాత జిగటగా, పగుళ్లతో తయారవుతుంది. ఆవిరి పట్టి మెరిపించే పరికరాలు కూడా ఘాటైన ద్రావకాల ఆవిరినే వాడుతుంటాయి. మూసి ఉన్న గ్యారేజీలో ఆ పని అసలే వద్దు.

పైపూతల్లో రెండు రకాలు. గుడ్డతో రుద్దే పూత, మైనం లాంటివి సులువు, కానీ తరచూ మళ్లీ వేయాలి. రెండు భాగాలు కలిపి కొట్టే క్లియర్‌కోటు అనే పారదర్శక పూత ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు హానికరం, సరైన మాస్కు లేకుండా కొట్టకూడదు. ఏటా ఒకసారి గంట సేపు కేటాయించగలిగితే మొదటిదే తీసుకోండి.

బల్బు రంధ్రంలోంచి శుభ్రం చేయడం

దీన్ని చిన్నచూపు చూసేవారు ఎక్కువ. నా వరకు, లోపలి మురికికి మొదట ప్రయత్నించవలసింది ఇదే, ఎందుకంటే సీలు చెక్కుచెదరదు.

వట్టి దుమ్మయితే గాలి ఊదే బల్బుతో సరిపోవచ్చు. చారలుంటే, వంగే తీగ చివర మైక్రోఫైబర్ గుడ్డను గట్టిగా కట్టి, తీగ మొన బయటికి పొడుచుకు రాకుండా టేపు చుట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి పైఅద్దం లోపలి వైపు తుడవాలి. మామూలు కుళాయి నీరు వాడితే, అందులోని లవణాలు ఆరాక కొత్త చారలు వేస్తాయి. జిడ్డుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా వాడవచ్చు. అసిటోన్, థిన్నర్, పెట్రోలు, అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్ దగ్గరికి కూడా రానివ్వకండి. పాలీకార్బొనేట్‌లో సన్నని వెంట్రుక పగుళ్లు పుడతాయి.

రెండు జాగ్రత్తలు. కొన్ని కార్లలో పైఅద్దం లోపలి వైపు చెమ్మ పట్టనివ్వని పలుచని పూత ఉంటుంది. తుడిస్తే అది చారలు చారలుగా లేచిపోతుంది. కింద మూలలో చిన్న చోట తుడిచి, ఆరనిచ్చి చూశాకే ముందుకు వెళ్లండి. రెండోది రిఫ్లెక్టర్. దాని మీద ఉండేది మైక్రానులో చిన్న భాగమంత మందం ఉన్న అల్యూమినియం పొర. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు అద్దం మెరిసేసరికి ఉత్సాహం ఆగక రిఫ్లెక్టర్ మీద కూడా గుడ్డ పెట్టాను. గుడ్డకు వెండి అంటింది, రిఫ్లెక్టర్ మీద నల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ అక్కడే ఉంది. రిఫ్లెక్టర్‌ను తాకకుండా ఉండటమే దానికి చేయగల గొప్ప సేవ. మరీ తప్పకపోతే డిస్టిల్డ్ వాటర్ పోసి వంపేయండి, రుద్దవద్దు.

చేతిలో ఏమున్నా బల్బు గాజును వేలితో ముట్టుకోకండి. చర్మం జిడ్డు అంటిన చోట హాలోజెన్ బల్బు అతిగా వేడెక్కి త్వరగా పోతుంది.

చెమ్మ గురించి ఒక మాట

వాన తర్వాతో, కారు కడిగాకో లోపల పలుచని ఆవిరి పట్టి, దీపం వేసి కాసేపు నడిపితే పోతుంటే అది జబ్బు కాదు. సీలు చేసిన హెడ్‌లైట్ అన్నా, నిజానికి దానికి ఊపిరి పీల్చే రంధ్రాలుంటాయి. దీపం వేడికి గాలి వ్యాకోచించి బయటికి పోవాలి, చల్లారాక లోపలికి రావాలి. అందుకే వెనక వైపు చిన్న రబ్బరు గొట్టాలో, గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉన్న మూతలో పెడతారు. ఎల్‌ఈడీ దీపాలు ముందు వైపు అద్దాన్ని అంతగా వేడెక్కించవు కాబట్టి వాటిలో ఆవిరి ఇంకొంచెం ఎక్కువ సేపు నిలుస్తుంది.

ఆ రంధ్రాలను చూసి ‘నీరు వచ్చేది ఇక్కడినుంచే’ అని సిలికోన్‌తో మూసేవారున్నారు. దాంతో లోపలి చెమ్మ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. మూయకండి, సాలెగూడో బురదో అడ్డం పడితే తీయండి. అడుగున నీరు నిలుస్తుంటే, చుక్కలు రోజుల తరబడి పోకుంటే అప్పుడు సీలు మీద అనుమానపడాలి. అప్పుడు కూడా ముందు వెనక రబ్బరు మూత సరిగా కూర్చుందో లేదో చూడండి. బల్బు మార్చాక మూత సరిగా బిగించకపోవడం వల్ల నీరు చేరిన కథలే ఎక్కువ.

వేడి చేసి విప్పడం

లోపలి జిడ్డు పొర రంధ్రంలోంచి అందదు, బంక బ్యుటైల్, దీపం హాలోజెన్. ఈ మూడూ కుదిరితే విప్పడానికి అర్థముంది. వెలుగును లోపలి కటకం గుండా ముందుకు పంపే ప్రొజెక్టర్ రకమైతే ఇంకా ఎక్కువ అర్థముంది. లోపలున్న గుండ్రటి కటకం సాధారణంగా గాజే. దాని మీద పేరుకున్న పొరను నిర్భయంగా తుడవవచ్చు, తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రిఫ్లెక్టర్ రకంలో విప్పినా తుడవగలిగేది పైఅద్దం ఒక్కటే కాబట్టి, పడ్డ కష్టానికి ఫలం తక్కువ.

వేడి చేసే పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలి? ఓవెన్‌లో వేడి అన్ని వైపులా సమానంగా తగులుతుంది, బంక ఒకేసారి మెత్తబడుతుంది. అయితే యూనిట్ అందులో పట్టాలి, ఓవెన్‌ను వేడెక్కించే తీగకు అది తగలకూడదు. పైగా వంట చేసే ఓవెన్‌లో బంక వాసన నిలిచిపోతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి ముందే వేడి చేసి, ఆపేసి, చెక్క పలక మీద ఉంచి పది నిమిషాలు పెట్టడం చాలామంది పాటించే పద్ధతి. పాలీకార్బొనేట్ మెత్తబడటం 145 డిగ్రీల ప్రాంతంలో మొదలవుతుంది. వెనక పెట్టె ప్లాస్టిక్ అంతకంటే ముందే వంకరపోవచ్చు. ఇంకాస్త వేడి పెడితే త్వరగా ఊడుతుందనే ఆశే ఈ పనిలో చాలా యూనిట్లను బలితీసుకుంది.

హీట్ గన్‌తో ఒక చోట నుంచి మరో చోటికి జరుగుతూ వేడి చేయవచ్చు, యూనిట్ ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. కాకపోతే చేయి ఒక్క క్షణం ఆగితే అక్కడ బుడగ లేస్తుంది. హెయిర్ డ్రయర్ భద్రమైనది, నిదానమైనది. నేనైతే అట్టపెట్టెలో యూనిట్‌ను ఉంచి, పక్కన రంధ్రం చేసి, హెయిర్ డ్రయర్ గాలిని ఇరవై, ముప్పై నిమిషాలు లోపలికి పంపుతాను. పక్కనే నిలబడి చేయాలి, వదిలి వెళ్లకూడదు. కొత్తవారికి ఓవెన్, హీట్ గన్ రెండింటికంటే ఇదే నయం.

వేడికి ముందు బల్బులు, రబ్బరు మూతలు, తీగలు తీసేయాలి. అతుకు చుట్టూ ఉన్న చిన్న స్క్రూలు, లోహపు క్లిప్పులు ఒక్కటి కూడా మరచిపోకూడదు. ఊడి రావడం లేదని బలం పెట్టి లాగినప్పుడు పగిలేది సాధారణంగా ఆ మరచిపోయిన స్క్రూ దగ్గరే. మూలలో ప్లాస్టిక్ పట్టీతో సందు చేసి, గాడి పొడవునా నెమ్మదిగా నడిపించాలి. బంక తీగలు తీగలుగా సాగుతుంది. అది రిఫ్లెక్టర్ మీద పడకుండా చూసుకోండి. చల్లారి గట్టిపడితే లాగవద్దు, మళ్లీ వేడి చేయండి.

ఎక్కువ మంది ఓడిపోయేది విప్పడంలో కాదు, మూయడంలో. గాడిలోని పాత బంకను పూర్తిగా తీసి, కొత్త బ్యుటైల్ తాడును తెగకుండా ఒకే వరుసలో పరిచి, అన్నీ మళ్లీ వెచ్చచేసి, పైఅద్దాన్ని నొక్కి, స్క్రూలు, క్లిప్పులు పెట్టి, చల్లారేదాకా క్లాంపులతో పట్టి ఉంచాలి. మామూలు సిలికోన్ వాడవద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రిఫ్లెక్టర్ అల్యూమినియాన్ని తింటుంది. పైగా తర్వాత ఎప్పుడైనా మళ్లీ విప్పాలంటే సిలికోన్ వేడికి కరగదు. కారులో బిగించే ముందు అతుకు మీద పది నిమిషాలు నీళ్లు చల్లి చూడండి. లోపలికి చుక్క వస్తే అప్పుడే తెలుస్తుంది, బంపర్ బిగించాక కాదు.

అతుకు కోయడం

వేడికి లొంగని బంకను బ్లేడుతోనో, కంపించే కోత పరికరంతోనో అంగుళం అంగుళం కోస్తారు. ప్లాస్టిక్ పొడి లోపలికి రాలి రిఫ్లెక్టర్‌కు అంటుతుంది. అంచు సమంగా తెగదు. తిరిగి మూసినప్పుడు గాడి పట్టు ఉండదు. పాత యూనిట్ ఎలాగూ పారేసేదే, చేయి తిరగడం కోసం ప్రయత్నిస్తానంటే సరే. రోజూ నడిపే కారుకు మాత్రం నేను ఒప్పుకోను.

యూనిట్ మార్చడం

దీనికి పెద్దగా వివరణ అక్కర్లేదు. రిఫ్లెక్టర్ కాలినా, అద్దం పగిలినా, బిగింపు చెవులు విరిగినా ఇదే. చౌక నకళ్లలో పైపూత పలుచగా ఉండి త్వరగా పచ్చబడవచ్చు, కాంతి గీత, అంటే వెలుగు పైన తెగి ఆగే అంచు, కూడా సరిగా పడకపోవచ్చు. కాబట్టి కారు తయారీ సంస్థ యూనిట్, పాతదైనా సరే, దాన్ని కొత్త నకలు పక్కన పెట్టి చూడండి. పాతది కొనేటప్పుడు తడి పరీక్ష, టార్చి పరీక్ష అక్కడే చేయండి. బయటి పచ్చదనం ఉన్నా భయం లేదు, రిఫ్లెక్టర్ మెరుస్తుంటే చాలు.

మీ పరిస్థితిని బట్టి

ఒకే కారు, రేపు పొద్దున్నే దానిలోనే వెళ్లాలంటే, విప్పే దారులు పక్కన పెట్టండి. బయటి పాలిష్ గానీ, రంధ్రంలోంచి శుభ్రం గానీ చేసి ఆగండి. రాత్రి ప్రయాణాలు ఎక్కువగా ఉండి, రిఫ్లెక్టర్ అనుమానంగా ఉంటే నేరుగా మార్పు గురించి ఆలోచించండి. పాత కారు, ప్రొజెక్టర్ దీపాలు, వారాంతమంతా చేతిలో ఉంది, ఒక యూనిట్ పోయినా బాధ లేదు అనుకుంటే విప్పండి, ఆ పనిలో ఆనందం కూడా ఉంది. మలుపుల్లో తిరిగే దీపాలు, ఎల్‌ఈడీ యూనిట్లు ఉన్నవారు లోపలి పని అనుభవమున్న నిపుణులకే అప్పగించాలి. వాటిని తిరిగి బిగించాక కంప్యూటర్‌తో సరిచూడవలసి రావచ్చు.

ఒక వైపు దీపమే మసకబారి, రెండోది బాగుంటే అది ఎండ పని కాకపోవచ్చు. ఆ వైపు మూతో, సీలో, ఊపిరి రంధ్రమో చెడి ఉంటుంది. శుభ్రం చేసే ముందు దాన్ని వెతకండి, లేకపోతే వచ్చే వానాకాలం మళ్లీ ఇదే పని.

తీయకముందే వేయవలసిన గుర్తు

హెడ్‌లైట్ కారు నుంచి బయటికి వచ్చే ఏ దారి ఎంచుకున్నా, ముందురోజు రాత్రి కారును చదునైన నేల మీద గోడకు ఎదురుగా నిలిపి, దీపం వేసి, కాంతి గీత పైఅంచు పడే చోట గోడ మీద టేపు అంటించండి. చక్రాలు ఆగిన చోట నేల మీద కూడా గుర్తు పెట్టండి. తిరిగి బిగించాక కారును అదే చోట నిలిపి, వెనకనున్న సర్దుబాటు స్క్రూలు తిప్పి గీతను టేపుతో కలపాలి. పాత అమరికే తప్పుగా ఉందన్న అనుమానముంటే, దూరంగా ఉన్న గోడ మీద చూడండి. కాంతి గీత ప్రతి పది మీటర్లకు దీపం ఎత్తు కంటే పది సెంటీమీటర్లు దిగడం సాధారణ కొలత. మసక పోయిన దీపం ముందుకంటే బాగా వెలుగుతుంది. గీత కాస్త పైకి ఉన్నా ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. కాబట్టి సర్దుబాటు అయ్యాక కారు ముందు పదడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, మీ కళ్లతోనే ఒకసారి చూసి, ఆ తర్వాతే గోడ మీది టేపు పీకండి.